గంటను బట్టి అర్థం మారే హార్మోను: కుషింగ్ వ్యాధి పరీక్షలు, చికిత్స – నా అనుభవం

రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను ఎంత ఉందో చెప్పే కాగితం చేతికి వచ్చినప్పుడు, అంకె కన్నా ముందు ఆ రక్తం ఏ గంటకు తీశారో చూడాలి. ఉదయం ఎనిమిది గంటలకు తీసిన నా రక్తంలో డెసిలీటరుకు 22 మైక్రోగ్రాముల కార్టిసాల్ ఉంది. ల్యాబు వారు పక్కనే ముద్రించిన సాధారణ పరిమితి సుమారు 5 నుంచి 25 వరకు. ఆ కాగితం ప్రకారం నాకు ఏ జబ్బూ లేదు. తరువాత ఆసుపత్రిలో చేర్చుకుని అర్ధరాత్రి తీసిన రక్తంలో అదే హార్మోను 19 ఉంది. ఆరోగ్యవంతులు నిద్రలో ఉన్నప్పుడు అది 1.8 కన్నా తక్కువకు పడిపోతుంది. కార్టిసాల్ మితిమీరడం వల్ల వచ్చే కుషింగ్ అనే నా జబ్బు ఆ రాత్రి అంకెలో ఉంది. నాడీ వ్యవస్థ, హార్మోన్లను వదిలే వినాళ గ్రంథుల వ్యవస్థ కలిసి ఎలా పనిచేస్తాయో పాఠశాలలో చదువుకున్నా, వాటి మధ్య నడిచే వ్యవహారం ఎంత సమయబద్ధమైనదో ఈ పరీక్షల వరుసలోనే నాకు తెలిసింది.

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను. జబ్బు చాలా నెమ్మదిగా వచ్చింది. మొహం గుండ్రంగా మారి బుగ్గలు ఎర్రబడ్డాయి. నడుము చుట్టూ, మెడ వెనుక కొవ్వు చేరింది. కాళ్ళూ చేతులూ మాత్రం సన్నబడుతూ వచ్చాయి. పెళ్ళిళ్ళలో కనబడిన బంధువులు "ఒళ్ళు చేశావమ్మా" అని అభినందనగానే అనేవారు. గాజులు కాస్త ఒత్తుకున్న చోటల్లా కమిలి నల్లబడేది. పొట్టమీద బొటనవేలంత వెడల్పున ఊదారంగు చారలు వచ్చాయి. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది తొడల బలహీనత: కింది అరలో పుస్తకం తీయడానికి గొంతుక్కూర్చుంటే, బీరువా పట్టుకోకుండా లేవలేకపోయేదాన్ని. బీపీకి ఒక డాక్టరు, షుగరుకు మరొకరు, నెలసరి తప్పడానికి ఇంకొకరు మందులు రాశారు. థైరాయిడ్ పరీక్ష బాగానే ఉంది. రాత్రి రెండు గంటలకు తెలివి వచ్చి తెల్లవార్లూ కళ్ళు మూతపడేవి కావు. ఏళ్ళ తరబడి నోటికి వచ్చిన పుస్తకాల వర్గీకరణ సంఖ్యలు గుర్తుకు రాక తడుముకునేదాన్ని.

చివరికి బీపీ చూడడానికి వచ్చిన ఒక యువ వైద్యురాలు, పట్టీ కట్టిన చోట చర్మం కమలడం గమనించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చేతులు కట్టుకుని లేవమన్నారు. లేవలేకపోయాను. చారలు చూపించాక ఆమె వేరే మందు ఏదీ రాయకుండా హైదరాబాదులో ఎండోక్రినాలజిస్టుకు, అంటే హార్మోన్ల జబ్బులు చూసే డాక్టరుకు, ఉత్తరం ఇచ్చారు. విడివిడిగా చూస్తే బీపీ, షుగరు, లావు ప్రతి వీధిలోనూ కనిపించేవే. పలచబడి కమిలే చర్మం, వెడల్పాటి ఊదా చారలు, తొడ కండరాల నీరసం ఒకే మనిషిలో కలిసి కనిపించినప్పుడే కుషింగ్ అన్న అనుమానం బలపడుతుందని ఆ తరువాత తెలిసింది.

ఎండోక్రినాలజిస్టు మొదట పరీక్షలు రాయలేదు. ఇంట్లో ఉన్న మందులన్నీ, మొహానికి రాసే క్రీములతో సహా, సంచిలో వేసుకుని రమ్మన్నారు. కీళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్ఎంపీలు ఇచ్చే ఇంజెక్షన్లు, ఆయాసానికి పీల్చే మందులు, పేరు లేని ఆకుమందు పొడులు, రంగు తేలడానికి దుకాణంలో కొనే గొట్టాలు, ఇలా ఒక్కొక్కటీ అడిగారు. మా అత్తగారు మోకాళ్ళ నొప్పికి తెప్పించుకునే పొట్లాన్ని కూడా నేను ఎప్పుడైనా తిన్నానేమో కనుక్కున్నారు. కార్టిసాల్ లాగే పనిచేసే స్టెరాయిడ్ మందులు బయటినుంచి చేరడం వల్ల కలిగే కుషింగ్ లక్షణాలే లోకంలో ఎక్కువ. శరీరం తనంత తానుగా కార్టిసాల్ ఎక్కువ తయారుచేసుకోవడం చాలా అరుదు. మెదడు కింద ఉండే పీయూష గ్రంథిలో గడ్డ వల్ల వచ్చే కుషింగ్ వ్యాధి ఏటా పది లక్షల మందిలో ఇద్దరు ముగ్గురికి మాత్రమే కొత్తగా వస్తుంది. మన ప్రాంతంలో ఏ మాత్రలో ఏముందో తెలియకుండా మింగే అలవాటు ఎంతగా ఉందో తెలిసినవారికి ఆ సంచి పరీక్ష అతిశయంగా అనిపించదు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానా అని కూడా అడిగారు, ఎందుకంటే వాటిలోని ఈస్ట్రోజెన్ కార్టిసాల్‌ను మోసే ప్రోటీనును పెంచి, రక్తపరీక్షలో లేని ఎక్కువను చూపిస్తుంది.

నా సంచిలో స్టెరాయిడ్ ఏదీ తేలలేదు. అప్పుడు ఆయన కాగితం మీద మూడు వృత్తాలు గీసి ఈ వ్యవస్థను వివరించారు. మెదడు అడుగు భాగంలో ఉండే హైపోథాలమస్‌లోని నాడీకణాలు సీఆర్‌హెచ్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది ఒళ్ళంతా తిరగదు; కొద్ది మిల్లీమీటర్ల పొడవున్న ప్రత్యేక రక్తనాళాల ద్వారా నేరుగా పీయూష గ్రంథి ముందు భాగానికి చేరుతుంది. అక్కడి కణాలు ఏసీటీహెచ్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. అది మూత్రపిండాలపై కూర్చున్న అడ్రినల్ గ్రంథుల వెలుపలి పొరను చేరి కార్టిసాల్‌ను తయారు చేయిస్తుంది. ఆ కార్టిసాల్ తిరిగి మెదడుకు చేరి, హైపోథాలమస్‌నూ పీయూష గ్రంథినీ ఇక చాలని ఆపుతుంది. మేడమీది ట్యాంకులో నీళ్ళు నిండుతున్నకొద్దీ పైకి తేలి కుళాయిని మూసే బంతి చేసే పని ఇదే. నా విషయంలో ఆ బంతి ఎక్కడో ఇరుక్కుంది. ఎక్కడ ఇరుక్కుందో కనిపెట్టడమే తరువాతి పరీక్షలన్నిటి ఉద్దేశం. పీయూష గ్రంథి బరువు అర గ్రాముకు అటూఇటూ మాత్రమేనని ఆయన అన్నప్పుడు నమ్మబుద్ధి కాలేదు.

ఈ మూడు అంతస్తుల పైన ఒక గడియారం కూడా ఉంది. కంటి వెనుక రెటీనా నుంచి వెలుతురు సమాచారం హైపోథాలమస్‌లోని ఒక చిన్న నాడీకణాల గుంపుకు చేరుతుంది. చూపు నాడులు ఒకదానినొకటి దాటే చోటికి సరిగ్గా పైన ఉండే ఆ గుంపు పగలూ రాత్రీ తేడాను గ్రంథులకు తెలియజేస్తుంది. అందుకే కార్టిసాల్ తెల్లవారుజామున పెరగడం మొదలై, లేచే వేళకు శిఖరానికి చేరి, రోజంతా తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. కుషింగ్‌లో మొదట చెడేది ఈ రాత్రి తగ్గుదలే. నైట్ షిఫ్టులలో పనిచేసేవారికి ఈ లయ వేరుగా ఉంటుంది గనుక, రాత్రి పరీక్షకు ముందు నా పడుకునే వేళలు, లేచే వేళలు డాక్టరు అడిగి రాసుకున్నారు.

రాత్రి కార్టిసాల్‌ను లాలాజలంలోనూ కొలుస్తారు; దాన్ని తీయడం ఇంట్లోనే చేయవచ్చు. చిన్న గొట్టంలో దూది చుట్ట ఇస్తారు. రాత్రి పదకొండు తరువాత దాన్ని నోట్లో పెట్టుకుని, తడిసేదాకా నమిలి, తిరిగి గొట్టంలో వేసి మూత పెట్టాలి. అంతకు ముందు కొంతసేపు ఏమీ తినకూడదు, పళ్ళు తోముకోకూడదు, ఎందుకంటే చిగుళ్ళనుంచి రక్తం చుక్క కలిసినా లెక్క తప్పుతుంది. ఒక్క రాత్రి నమూనాతో నిర్ణయించరు. ఒకనాటి దిగులో, ఇంట్లో మాటా మాటా పెరగడమో కూడా కార్టిసాల్‌ను పెంచగలదు. గొట్టాలు తెల్లవారేదాకా మా ఫ్రిజ్ తలుపులో పాలప్యాకెట్ల పక్కన ఉన్నాయి. మా వారు వాటివైపు చూడకుండా పాలు తీయడం నేర్చుకున్నారు.

ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టడం దీనికన్నా కష్టం. ఉదయం మొదటిసారి వచ్చిన మూత్రాన్ని పారబోసి, అప్పటినుంచి మర్నాడు అదే వేళకు వచ్చినదానితో సహా అంతా ఒక పెద్ద క్యానులో చేర్చి చల్లగా ఉంచాలి. కాలేజీకి వెళ్ళే రోజున ఇది సాధ్యం కాదు గనుక ఆదివారం పెట్టుకున్నాను. అదే మూత్రంలో క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థాన్ని కూడా కొలుస్తారు. రోజంతటి మూత్రం నిజంగా పట్టామా, మధ్యలో కొంత పోయిందా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. నా మూత్రంలోని కార్టిసాల్ సాధారణ పై హద్దుకు మూడు రెట్లకు పైగా వచ్చింది.

ఈ పరీక్షలలో నాకు బాగా నచ్చింది డెక్సామెథసోన్ పరీక్ష. రాత్రి పదకొండు గంటలకు ఒక మిల్లీగ్రాము మాత్ర మింగి, మర్నాడు ఉదయం ఎనిమిదింటికి రక్తం ఇవ్వాలి. డెక్సామెథసోన్ పీయూష గ్రంథికి కార్టిసాల్ లాగే కనిపిస్తుంది. కార్టిసాల్‌ను కొలిచే ల్యాబు పరీక్షకు మాత్రం కనిపించదు. కాబట్టి ఆరోగ్యవంతుల గ్రంథి, కార్టిసాల్ సరిపడా ఉందనుకుని ఏసీటీహెచ్‌ను ఆపేస్తుంది. ఉదయపు కార్టిసాల్ 1.8 కన్నా తక్కువకు దిగుతుంది. నాది 15 దగ్గర నిలిచింది. శరీరంలో ఏముందో ఊరికే కొలవడానికి బదులు, దానికి ఒక ప్రశ్న వేసి ఏం జవాబు చెబుతుందో చూడడం ఇది. హార్మోన్ల వైద్యంలో ముఖ్యమైన పరీక్షలు చాలావరకు ఇలాగే ఉంటాయి: ఎక్కువ ఉందని అనుమానిస్తే అణచి చూస్తారు, తక్కువ ఉందని అనుమానిస్తే తట్టి చూస్తారు.

కార్టిసాల్ ఎక్కువన్నది స్థిరపడ్డాక, ఆదేశం ఎక్కడినుంచి వస్తోందన్న ప్రశ్న మిగిలింది. అడ్రినల్ గ్రంథిలోనే గడ్డ ఉంటే, దాని కార్టిసాల్ పీయూష గ్రంథిని నిద్రపుచ్చుతుంది కాబట్టి ఏసీటీహెచ్ దాదాపు కనిపించదు. నాకు అది మిల్లీలీటరుకు 68 పికోగ్రాములు ఉంది. ఏసీటీహెచ్ గది వేడికి త్వరగా విరిగిపోతుంది. అందుకని రక్తం తీసిన గొట్టాన్ని మంచులో పెట్టి, పరుగున ల్యాబుకు పట్టుకెళ్ళారు. ఇక ఆదేశం పీయూష గ్రంథి నుంచి రావాలి, లేదా ఊపిరితిత్తుల వంటి చోట దాగి ఏసీటీహెచ్ తయారుచేస్తున్న మరేదైనా గడ్డ నుంచి రావాలి. ఎక్కువ మోతాదు డెక్సామెథసోన్ ఇస్తే నా కార్టిసాల్ సగానికి పైగా తగ్గింది. ఇది పీయూష గ్రంథి వైపు మొగ్గు చూపే ఫలితమే కానీ తిరుగులేని సాక్ష్యం కాదు. ఎంఆర్ఐలో గ్రంథి ఎడమవైపు నాలుగు మిల్లీమీటర్ల నీడ ఒకటి "సందేహాస్పదం" అని రాశారు. గడ్డ కనిపించింది కదా, ఇక ఆపరేషన్ చేయించేద్దామని ఇంట్లో అందరూ అన్నారు. డాక్టరు ఒప్పుకోలేదు. ఏ జబ్బూ లేనివారికి స్కాను తీసినా సుమారు పది మందిలో ఒకరికి ఇలాంటి చిన్న మచ్చ కనిపిస్తుంది. మరోవైపు నిజంగా కుషింగ్ వ్యాధి ఉన్నవారిలో చాలామందికి గడ్డ స్కానుకు అందదు. బొమ్మలో కనిపించిన నీడే దోషి అని తేల్చడానికి అక్కడినుంచి బయటికి వస్తున్న రక్తాన్నే పరీక్షించాలన్నారు.

ఆ పరీక్ష పేరు వింటేనే నాకు చెమటలు పట్టాయి. పీయూష గ్రంథి నుంచి వచ్చే రక్తం పుర్రె అడుగున కుడి ఎడమల ఉండే పెట్రోసల్ సైనస్ అనే సిరల ద్వారా మెడలోకి దిగుతుంది. రెండు గజ్జలలోనూ మత్తు సూది ఇచ్చి, అక్కడి సిరల నుంచి సన్నని గొట్టాలను పైకి, గుండె మీదుగా, మెడలోకి, అక్కడినుంచి ఆ సైనస్‌ల దాకా ఎక్స్‌రే తెరమీద చూసుకుంటూ నడిపిస్తారు. నేను మెలకువగానే ఉన్నాను. రంగుమందు ఎక్కించినప్పుడు చెవి వెనుక హోరుమన్న చప్పుడు వినిపించింది. నొప్పి మాత్రం తెలియలేదు. కుడి, ఎడమ, చేతి సిర, ఈ మూడు చోట్లనుంచీ ఒకే క్షణాన రక్తం తీయడానికి ముగ్గురు సిద్ధంగా నిలబడ్డారు. ఒకరు గట్టిగా నిమిషాలు చదువుతుండగా ఇంకొకరు గొట్టాలపై గుర్తులు రాసి మంచులో సర్దారు. తరువాత డెస్మోప్రెసిన్ అనే మందు ఇచ్చి, కొద్ది కొద్ది నిమిషాల తేడాతో మళ్ళీ తీశారు. గడ్డలోని కణాలు ఆ మందుకు ఉలిక్కిపడి ఏసీటీహెచ్‌ను కుమ్మరిస్తాయి.

బల్లమీద పడుకున్నంతసేపూ గుండె దడదడలాడింది. ఆ దడ కార్టిసాల్ వల్ల కాదని, అడ్రినల్ గ్రంథి లోపలి భాగం వదిలే అడ్రినలిన్ వల్లనని పక్కనే ఉన్న డాక్టరు అన్నారు. ఆ లోపలి భాగం పుట్టుక రీత్యా నాడీ కణజాలమే. వెన్నుపాము నుంచి వచ్చే నాడులు నేరుగా దాన్ని తాకుతాయి గనుక క్షణాల్లో స్పందిస్తుంది. వెలుపలి పొర మాత్రం ఏసీటీహెచ్ రక్తంలో ప్రయాణించి వచ్చేదాకా ఎదురుచూడాలి. నాడుల పాలనలో ఒక భాగం, హార్మోన్ల పాలనలో ఒక భాగం, రెండూ ఒకే గ్రంథిలో.

ఫలితం నాలుగు రోజులకు వచ్చింది. చేతి సిరతో పోల్చి పెట్రోసల్ సైనస్‌లో ఏసీటీహెచ్ మందుకు ముందు రెండు రెట్లు, మందు తరువాత మూడు రెట్లు ఉంటే మూలం పీయూష గ్రంథే అని లెక్క. నాకు ఎడమవైపు మొదట నాలుగు రెట్లకు పైగా, మందు తరువాత పన్నెండు రెట్లు ఉంది. గడ్డ ఏ వైపు ఉందో చెప్పడానికి ఈ పరీక్షను పూర్తిగా నమ్మరు. అయితే స్కానులోని నీడ కూడా ఎడమవైపే ఉండడంతో సర్జనుకు ఎక్కడ వెతకాలో తెలిసింది.

ఆపరేషన్ ముక్కు ద్వారా జరిగింది. ముక్కు వెనుక ఉన్న గాలిగదిని దాటి, పీయూష గ్రంథి కూర్చునే ఎముక గూటిని తెరిచి గడ్డను తీస్తారు. గర్భంలో పిండం ఎదిగేటప్పుడు ఈ గ్రంథి ముందు భాగం నోటి పైకప్పు నుంచి పైకి పెరిగి వస్తుంది. వెనుక భాగం మెదడు అడుగు నుంచి కిందికి దిగుతుంది. ఈ రెండూ కలిసి ఒకే గ్రంథిగా కనిపించినా, వెనుక భాగం నిజానికి నాడీ తంతువుల చివర్లే. ఈ పాఠం నాకు ఆపరేషన్ తరువాతి రాత్రి అనుభవంలోకి వచ్చింది. వాసోప్రెసిన్ అనే హార్మోను హైపోథాలమస్‌లోని నాడీకణాలలో తయారై, వాటి పొడవాటి తంతువుల గుండా దిగి, వెనుక భాగం నుంచి రక్తంలో కలుస్తుంది. మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచడానికి అదే కారణం. ఆపరేషన్ కదలికకు ఆ తంతువులు కొంతకాలం మూగబోవచ్చు. ముక్కులో దూది, నోటితో శ్వాస, తీరని దాహం. గంట గంటకూ నర్సమ్మ మూత్రం కొలిచి రాసేది. వరసగా కొన్ని గంటలు మూడు వందల మిల్లీలీటర్లు దాటడం, రక్తంలో సోడియం పెరగడం చూసి డెస్మోప్రెసిన్ ఇచ్చారు. పరీక్షలో ఏసీటీహెచ్‌ను రెచ్చగొట్టడానికి వాడిన మందునే ఇక్కడ నీరు నిలపడానికి వాడారు. రెండు రోజుల్లో అది అక్కర్లేకపోయింది. డిశ్చార్జి అయ్యాక వారం తిరిగేసరికి సోడియం మళ్ళీ చూపించుకోమన్నారు, ఎందుకంటే అప్పుడు దెబ్బతిన్న తంతువుల చివర్లు నిల్వ ఉన్న వాసోప్రెసిన్‌ను ఒక్కసారి వదిలేసి, సోడియం ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంటుంది. ముక్కు చీదకూడదు, ముందుకు వంగకూడదు, ముక్కునుంచి నీళ్ళలా కారితే వెంటనే రావాలి, ఎందుకంటే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

ఆపరేషన్ తరువాత స్టెరాయిడ్ ఇవ్వకుండా ఆగి, ఉదయం రక్తం తీశారు. కార్టిసాల్ 1.4 వచ్చింది. అప్పటికి నాకు వికారం, తలనొప్పి, చేయి కూడా ఎత్తలేనంత నీరసం. డాక్టర్ల మొహాల్లో మాత్రం పండగ కనిపించింది. కారణం ఇదీ: ఏళ్ళ తరబడి గడ్డ వల్ల పెరిగిన కార్టిసాల్ కారణంగా పీయూష గ్రంథిలోని మంచి కణాలు నిద్రపోయి ఉంటాయి. గడ్డ పూర్తిగా పోతే ఏసీటీహెచ్ ఇచ్చేవారు ఎవరూ ఉండరు, కార్టిసాల్ నేలకు పడాలి. మామూలు స్థాయిలో నిలిచిందంటే గడ్డ ఇంకా మిగిలి ఉందని అనుమానించాలి. ఇంతగా బాధపడుతున్న మనిషికి "ఇది మంచి సూచన" అని చెప్పవలసి రావడం ఈ వైద్యంలోని విచిత్రం.

ఆ తరువాతి నెలల గురించి ముందుగా ఎవరైనా వివరంగా చెప్పి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. ఎక్కువ కార్టిసాల్‌కు అలవాటు పడిన మెదడుకు, కీళ్ళకు మామూలు మోతాదు కూడా కరువే. కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలు ఉదయం లేవగానే 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 5 వేసుకున్నా, కీళ్ళు పట్టేసేవి, చర్మం పొట్టులా రాలేది, ఏ కారణమూ లేకుండా ఏడుపు వచ్చేది. మాత్రల మోతాదు ఉదయం ఎక్కువగా ఉండడం, ఆ శరీర గడియారాన్ని చేతితో అనుకరించడమే. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. మొహం గుండ్రం, బీపీ, షుగరు కొద్ది నెలల్లోనే దిగివచ్చాయి. జ్ఞాపకశక్తి మాత్రం చాలా నిదానంగా కోలుకుంది. జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోకాంపస్‌లో కార్టిసాల్ గ్రాహకాలు ఎక్కువగా ఉంటాయి. కుషింగ్ ఉన్నవారిలో అది కుంచించుకుపోవడం, చికిత్స తరువాత కొంతవరకు తిరిగి పెరగడం పరిశోధకులు స్కానులలో గమనించారు. ఈ సంగతి తెలిశాక నా మతిమరుపును వయసు మీద తోయడం మానేశాను.

జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలి, వాంతులతో మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేయించుకోవాలి. నిద్రపోతున్న గ్రంథి ఆపద సమయంలో కార్టిసాల్ పెంచలేదు గనుక ఇందులో ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. ఒకసారి డెంగీ జ్వరానికి చేరినప్పుడు, ఇంటి దగ్గరి ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు "స్టెరాయిడ్ ఎందుకమ్మా, ప్రమాదం" అని ఆపబోయారు. నాకు స్టెరాయిడ్ ఆపకూడదని రాసి నా పర్సులో ఉంచుకున్న చీటీ చదివించి, మా డాక్టరుతో ఫోనులో మాట్లాడించాక ఒప్పుకున్నారు. ఇలాంటి మందు వాడేవారందరూ ఆ చీటీని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించి, ఇంజెక్షన్ సీసాతో పాటు దగ్గర ఉంచుకోవాలి. మాత్రలు ఉన్నట్టుండి మానడం మాత్రం ఎప్పుడూ పనికిరాదు.

ఇప్పుడు రెండు రకాల పరీక్షలు నడుస్తున్నాయి. గడ్డ మళ్ళీ వస్తే మొదట తెలిసేది రాత్రి లాలాజలంలోనే గనుక ఏటా అది తప్పదు. నిద్రపోయిన కణాలు లేచాయో లేదో తెలుసుకోవడానికి, ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్ళి రక్తం ఇచ్చి, ఏసీటీహెచ్ ఇంజెక్షన్ చేయించుకుని, గంట తరువాత మళ్ళీ రక్తం ఇస్తాను. దానికి అడ్రినల్ గ్రంథి జవాబుగా కార్టిసాల్ 18 దాటితే మాత్రలు ఆపవచ్చు. కిందటిసారి అది 14 వచ్చింది. సాయంత్రపు మాత్రను, ఆ తరువాత మధ్యాహ్నపు మాత్రను తీసేశారు. ఉదయం 10 మిల్లీగ్రాములు కొనసాగుతోంది, మరి మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు.